గుహాచిత్రములకు పట్టిన బూజు

వానకాలమున బీరువాలోని పాతపుస్తకమును తీసినపుడు ముక్కిన వాసనయు, అట్టపై బూడిదవన్నె మచ్చలును కానవచ్చుట మన యిండ్లలో క్రొత్త గాదు. బూజు పట్టినదనుకొని గుడ్డతో తుడిచి యూరకుందుము. ఇట్టి బూజే వేలయేండ్లు చెక్కుచెదరక నిలిచిన చిత్రములకు గండమై పరిణమించిన వృత్తాంతమును శ్రోతలకు, పాఠకులకు తెలుపదలచితిమి.

ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమున మోంటిన్యాక్ అను ఊరిచెంత లాస్కో గుహ గలదు. 1940 సెప్టెంబరులో నలుగురు బాలురు దానిని కనుగొనిరి. సుమారు 17 వేల సంవత్సరములనాటి మానవులు కావిరంగు మన్నుతోను, నల్లని ఖనిజపు పొడితోను చిత్రించిన వృషభములు, అశ్వములు, దుప్పులు ఆ గోడలపై నున్నవి. వాటిని కాపాడినది ఏ మందును గాదు. మారని చీకటి, మారని చల్లదనము, మారని గాలి.

1948లో గుహను ప్రజలకు తెరచిరి. దినమునకు వేయిమందికి పైగా జనులు రాసాగిరి. మనుష్యుని ఊపిరిలో నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును ఉండును. ఆ రెండును కలిసి సున్నపురాతిని మెల్లగా కరగించును; కరగిన సున్నము మరల గోడపై తెల్లని పొరగా పేరుకొనును. జనుల పాదధూళితో సూక్ష్మజీవులు లోపలికి చేరినవి. విద్యుద్దీపముల వెలుగు వాటిలోని నాచుజాతికి ఆహారము వండుకొను పొయ్యి అయినది. 1960 ప్రాంతమున గోడలపై పచ్చని మచ్చలు పొడసూపినవి. 1963లో నాటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో గుహను మూయించెను.

సూక్ష్మజీవులు చిత్రములకు కీడు చేయు విధమెట్టిదో కొంత తెలిసికొందము. నాచునకు వెలుతురు కావలెను. బూజునకు వెలుతురుతో పనిలేదు. తేమయు, తినుటకు కొంచెము పదార్థమును ఉన్న చాలును. రంగులో కలిపిన జిగురు, కాగితమునకు పూసిన గంజి, పుస్తకపు తోలు, చేతిమురికి, తుదకు ధూళి సయితము దానికి భోజనమే. అది సన్నని పోగులను రంగుపొరలోనికి చొప్పించి దానిని లేవనెత్తును; ఆమ్లములను స్రవించి రాతిని, సున్నమును తినివేయును; చెరగని మరకలను విడిచిపోవును. తేమ లేనప్పుడు దాని విత్తులవంటి సూక్ష్మకణములు నశింపక, అదను కొరకు వేచియుండును.

లాస్కో కథ 1963తో ముగియలేదు. గుహలో క్రొత్త వాయుయంత్రమును నెలకొల్పిన పిమ్మట, 2001లో ఫ్యుజేరియం అను తెల్లని బూజు విజృంభించెను. నేలపై పొడిసున్నము చల్లిరి. గోడలకు బూజును చంపు మందులు వాడిరి. తెల్లబూజు తగ్గినది గాని, కొన్ని యేండ్లకు నల్లని మచ్చలు తలయెత్తినవి. పదేపదే వాడిన మందునకు లొంగని జీవులే అచ్చట మిగిలి వృద్ధిపొందినవనియు, చచ్చిన బూజు ఇతర జీవులకు ఆహారమైనదనియు పరిశోధకులు తలపోసిరి. రోగమునకు వేసిన మందే వేరొక రోగమునకు త్రోవ చూపినదన్నమాట. అందుచే ఇపుడు గుహలోనికి మనుష్యుల ప్రవేశమును మిక్కిలి తగ్గించి, దాని గాలిని దాని మానాన ఉండనిచ్చుటకే యత్నించుచున్నారు. చూడవచ్చిన వారికొరకు 1983లో ఒకటియు, 2016లో మరింత సమగ్రమైనదొకటియు ప్రతిరూపములు నిర్మింపబడినవి.

మచ్చ కనబడినంతనే తొలగింపబూనుటయు తగదు. ఈజిప్టులో 1922లో బయల్పడిన తూతంఖామన్ సమాధి గోడలపై గోధుమవన్నె మచ్చలు గలవు. అవి పెరుగుచున్నవేమోయని జనులు భయపడిరి. నిపుణులు వాటిని 1920 దశకపు ఛాయాచిత్రములతో సరిపోల్చి, అవి పెరుగుట లేదనియు, వాటిని కలిగించిన జీవులు ఎన్నడో నశించినవనియు తేల్చిరి. మచ్చలు రంగులోనికి ఇంకిపోయినందున, వాటిని గీకినచో చిత్రమే పోవును. కనుక అట్లే విడిచిరి.

ఈ నీతి మన గృహములకును వర్తించును. మన పెద్దలు తాళపత్ర గ్రంథములకు నిమ్మగడ్డినూనె పూసి, గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు విప్పి చూచుచుండెడివారు. విప్పి చూచుటయే ఆ సేవలో ముఖ్యము. పుస్తకముల బీరువాను చెమ్మగోడకు ఆనించి యుంచరాదు. గాలిలో తేమ నూటికి 65 పాళ్ళకు మించి చిరకాలము నిలిచినచో బూజునకు అదనైనట్లే. బూజుపట్టిన పుస్తకమును వేరుచేసి, నీడలో గాలికి ఆరనిచ్చి, పిమ్మట ఆరుబయట మెత్తని కుంచెతో దులుపవలెను. తడిగుడ్డతో తుడిచినచో మచ్చ లోనికి దిగును. దులుపునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మేలు.

ప్రాచీన వస్తువును చూడగోరుట సహజమే. కాని మన చూపుతోపాటు మన ఊపిరియు దానిని తాకుచున్నదని లాస్కో గుహ తెలుపుచున్నది. రాబోవు తరములవారికి మిగుల్చుటకై కొన్నింటిని మనము ప్రతిరూపములందే చూచి తృప్తి చెందవలసియున్నది.