చిటికెడు పిండి, చేతినిండా తెలుగు

ఖరగ్‌పూర్‌ తాల్‌బగీచాలాంటి చోట మూడేళ్ల పిల్లతో కూర్చుని బొమ్మలు చేయడం కాలక్షేపం మాత్రమే కాదు. ఇంటి భాష ఊపిరి పీల్చుకునే అరగంట కూడా అదే.

విషయమంతా పేరులోనే ఉంది. బెంగాలీలో తాల్ అంటే తాడి, బగీచా అంటే తోట. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని తాల్‌బగీచాను తెలుగులో చెప్పాలంటే 'తాటితోపు'. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వెళ్లినవారికి ఇంతకన్నా సొంతూరిని తలపించే పేరు దొరకదు. అయితే తాటితోపు పేరున్న పేటలో పెరుగుతున్న పిల్లకి తాటాకుతో గిరక తిప్పొచ్చని, ముంజలు తిన్నాక మిగిలిన కాయలతో బండి కట్టొచ్చని చెప్పేదెవరు?

ఖరగ్‌పూర్ తెలుగువారి కథ రైలుతో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌నూ, వర్క్‌షాపునూ తలపెట్టింది. ఆ రైల్వే వాల్తేరు దాకా విస్తరించడంతో ఉత్తరాంధ్ర నుంచి పనివాళ్లు, గుమస్తాలు తరలివచ్చారు. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాంతో ఈ స్టేషన్ ఏళ్ల తరబడి ప్రపంచ రికార్డును తన దగ్గరే ఉంచుకుంది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. తెలుగువారు మాత్రం ఇక్కడ నిలిచిపోయారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చేందుకు ఆమోదం తెలిపిందంటే అందుకు ప్రధాన కారణం ఈ పట్టణమే.

కాగితం మీద హోదా వచ్చింది. ఇంట్లోనో? ఇలాంటి పట్టణంలో ఓ మూడేళ్ల పిల్ల రోజును ఊహించుకోండి. వీధిలో ఆటలు బెంగాలీలో. టీవీలో, ఫోన్‌లో కార్టూన్లు హిందీలో. ప్లేస్కూల్లో పద్యాలు ఇంగ్లిష్‌లో. తెలుగు వినపడేది అమ్మానాన్నల నోటే. అదీ ఎక్కువగా ఏ మాటలు? తిను, తాగు, పడుకో, అల్లరి చేయకు, చెప్పులేసుకో. నాలుగు భాషల మధ్య పెరగడం పిల్లలకు భారమేమీ కాదు. చిన్న బుర్రలు వాటిని చక్కగానే సర్దుకుంటాయి. ప్రమాదం మరోచోట ఉంది. తెలుగు కేవలం ఆజ్ఞల భాషగా మిగిలిపోతే, ఆజ్ఞలు వినే వయసు దాటగానే పిల్లలు దాన్ని వదిలేస్తారు.

దీనికి తేలికైన, ఖర్చులేని విరుగుడు ఒకటుంది. రోజూ ఓ అరగంట పిల్లతో కలిసి చేతులు మురికి చేసుకోవడం.

మాట చేతిలో పుడుతుంది

పిండి ముద్ద ముందు కూర్చుంటే ఎన్ని క్రియలు దొర్లుతాయో గమనించండి. పిసుకు, నొక్కు, చుట్టు, మెలిపెట్టు, తుంచు, అతికించు, అద్దు. కాగితం పట్టుకుంటే మడువు, చింపు, నలుపు. పూలు, దారం తీసుకుంటే గుచ్చు, లాగు, ముడివెయ్యి. వీటిలో చాలా మాటలు అన్నం పెట్టేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు రావు. టీవీలో అసలే రావు. మాట వినపడిన క్షణంలోనే వేళ్లు ఆ పని చేస్తాయి కాబట్టి అర్థం విడిగా చెప్పనక్కర్లేదు. 'మెలిపెట్టు' అంటే ఏమిటో వివరించడం కష్టం. పిండి పాముని చేయించడం సులువు.

పిల్లల చదువు చేతుల్లోంచి మొదలవ్వాలన్నది కొత్త సిద్ధాంతమేమీ కాదు. 1837లో జర్మనీలో కిండర్‌గార్టెన్‌కు పునాది వేసిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ మట్టి పని, కాగితం మడతలు, అల్లికలనే పాఠాలుగా పెట్టాడు. మన జాతీయ విద్యా విధానం (2020) కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు వయసును పునాది దశగా గుర్తించి ఆటపాటలకు పెద్దపీట వేసింది. 2023 ఫిబ్రవరిలో ఎన్‌సీఈఆర్‌టీ ఈ వయసువారి కోసం బొమ్మలు, పజిళ్లు, కథల కార్డులతో 'జాదూయీ పిటారా' అనే పెట్టెను విడుదల చేసింది. అలాంటి పెట్టె ప్రతి వంటింట్లోనూ ఇదివరకే ఉంది. మూత తీయడమే తరువాయి.

ముగ్గుకీ పెన్సిల్‌కీ మూడు వేళ్లే

తెలుగింటి మొదటి చిత్రకళా పాఠశాల వాకిలి. బియ్యప్పిండిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టి వదులుతాం. పిల్ల రేపు పెన్సిల్ పట్టుకోవాల్సిందీ ఆ మూడు వేళ్లతోనే. మూడేళ్ల పిల్లతో అక్షరాలు దిద్దించాలని తొందరపడే తల్లిదండ్రులు ముందు చిటికెడు పిండి చేతికివ్వడం మంచిది. మూడు వరసల్లో మూడేసి చుక్కలు చాలు. చుక్కలు వంకరగా పడతాయి, పడనివ్వండి. సాధారణంగా పిల్లలు మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు కూడిక గుర్తు, అయిదేళ్లకు త్రిభుజం చూసి గీయగలరు. చుక్కలు కలిపే పని అంతకన్నా తొందరగా రాదు. అప్పటిదాకా ఆమె చుక్కలు పెడుతుంది, మీరు కలుపుతారు. 'ఒకటి, రెండు, మూడు' తెలుగులో లెక్కపెట్టడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఉండదు.

ఖరగ్‌పూర్ పిల్లలకు ఇక్కడ ఓ అదనపు వరముంది. పక్కింటి బెంగాలీ వాకిట్లో ఆల్పనా ఉంటుంది. మనం పొడి పిండి చల్లితే, వాళ్లు బియ్యప్పిండిని నీళ్లలో కలిపి వేలితో గీస్తారు. కృష్ణాష్టమికి మన ఇళ్లలో గుమ్మం నుంచి పూజగది దాకా బాలకృష్ణుడి పాదాలు వేస్తాం. కోజాగరీ పున్నమికి బెంగాలీలు లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. మూడేళ్ల పిల్లకి ఈ రెండూ చేతికందే పనులే. పిడికిలి బిగించి, చిటికెనవేలి వైపు అంచును పిండి నీళ్లలో ముంచి నేల మీద అద్దితే పాదం. పైన వేలికొసలతో అయిదు చుక్కలు పెడితే వేళ్లు. రెండో చేత్తో అద్దితే రెండో పాదం. కుడి ఎడమలు కూడా అక్కడే తెలిసిపోతాయి.

పటం విప్పితే కథ

ఇదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో పింగ్లా దగ్గర నయా అనే ఊరుంది. అక్కడి పటువాలు, అంటే చిత్రకార్ కుటుంబాలవారు, పొడవాటి కాగితం చుట్ట మీద కథను గళ్లుగళ్లుగా చిత్రించి, చుట్ట విప్పుతూ పాడతారు. పసుపు నుంచి పచ్చ, శంఖుపూల నుంచి నీలం, మసి నుంచి నలుపు. రంగు అంటుకోవడానికి మారేడు జిగురు. బెంగాల్ పటచిత్రాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలంగాణలోని చేర్యాల నకాషీ పటాలు వీటికి దూరపు చుట్టాలే. అక్కడా పటం విప్పుతూ కుల పురాణం చెప్పడమే పద్ధతి.

బడికి వెళ్లని పిల్లకి ఇది అచ్చంగా సరిపోయే నమూనా. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపును వరసగా అతికించి నాలుగు గళ్లు గీయండి. అతికించడానికి దుకాణం జిగురు అక్కర్లేదు. ఒక వంతు మైదాకు నాలుగైదు వంతుల నీళ్లు కలిపి సన్నటి సెగ మీద చిక్కబడేదాకా కలియబెడితే గోడ పోస్టర్లు అంటించే లై తయారవుతుంది. చల్లారాక పిల్ల వేళ్లతోనే పూయొచ్చు. రంగులకు పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం, వేడి నీళ్లలో నానబెట్టి చల్లార్చిన శంఖుపూలు సరిపోతాయి. నీలం నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అది ఊదారంగుకు తిరుగుతుంది. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది. పిల్ల కళ్లు పెద్దవి చేసి చూస్తుంది. 'మళ్లీ చెయ్యి' అంటుంది. ఏ భాషలో అంటుందో చెప్పనక్కర్లేదు.

నాలుగు గళ్లు నిండాక పటం చుట్టి, మెల్లగా విప్పుతూ కథ చెప్పమనండి. అక్కడ కనిపించేవి గీతలే కావచ్చు. గీతలనగానే చిన్నచూపు వద్దు. లక్షలాది పిల్లల బొమ్మలను సేకరించి పరిశీలించిన అమెరికన్ విద్యావేత్త రోడా కెలాగ్, పిల్లల గజిబిజి గీతల్లో 20 మూల రూపాలున్నాయని 1969లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు. ఆ గీతలే తర్వాత సున్నాలై, సున్నాలు సూర్యుళ్లై, సూర్యుళ్లకు కాళ్లూ చేతులూ మొలిచి మనుషులవుతారు. కాబట్టి 'ఇదేంటి?' అని నిలదీయొద్దు. 'దీని సంగతి చెప్పమ్మా' అనండి. మొదటి ప్రశ్నకు ఒక్క మాటే జవాబు. రెండోదానికి కథ వస్తుంది.

వంటింటి మట్టి, తోటలో తాటాకు

రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, సుమారు గ్లాసు నీళ్లు, చెంచా నూనె. చపాతీ పిండిలా కలిపితే బొమ్మల ముద్ద సిద్ధం. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్నాళ్లు వాడుకోవచ్చు. వానాకాలంలో ఉప్పు చెమ్మ పీల్చి బొమ్మలు మెత్తబడతాయి కాబట్టి ఆ రోజుల్లో బంకమట్టి మేలు. వినాయక చవితి మట్టిలో ఓ పిడికెడు పిల్లకోసం తీసి పెట్టండి. ముద్దలో ఉప్పు మరీ ఎక్కువ గనక పిల్ల నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

వేసవిలో ముంజలొస్తాయి. తిన్నాక మిగిలిన రెండు కాయలను ఓ పుల్లకు చెరోవైపు గుచ్చి, పంగలకర్రతో తోస్తే బండి. కత్తితో పని పెద్దలది, తోసే పని పిల్లలది. లేత తాటాకు ముక్కలు రెండింటిని అడ్డంగా మడిచి పుల్లకు గుచ్చి పరుగెడితే గిరక. కొబ్బరాకుతో వాచీ, బూర. ఇవన్నీ ఈ తరం తాతలకు చేతనైన పనులే. ఎవరూ అడగక మరిచిపోతున్నారు. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తాతగారి చేతికి ఫోన్ బదులు తాటాకు ఇచ్చి చూడండి.

జాగ్రత్తలు తప్పవు. తాటిమట్ట అంచు రంపంలా ఉంటుంది, దాన్ని పిల్లలకు ఇవ్వకూడదు. బొమ్మకు కళ్లుగా ముచ్చటగా ఉంటాయని మన పెద్దలు గురివింద గింజలు పెట్టేవారు. వాటిలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది. నమిలితే ముప్పు. వాటి బదులు మట్టిలో పుల్లతో గుచ్చిన చుక్కలే కళ్లు. గన్నేరు పూలు, ఆకులు కూడా దూరం పెట్టాలి. మూడేళ్లలోపు వారి దగ్గర పూసలు, గుండీలు, చింతపిక్కలు గొంతులో అడ్డం పడొచ్చు. నీళ్లలో ఉబ్బే రంగు రంగుల జెల్ గోళీలు మింగితే కడుపులో పెద్దవై పేగుకు అడ్డుపడతాయి కాబట్టి అసలే వద్దు. కొన్న బొమ్మలైతే ఐఎస్‌ఐ గుర్తు చూడాలి. 2021 జనవరి నుంచి మన దేశంలో అది తప్పనిసరి.

ఎవరి బొమ్మ?

అమ్మానాన్నలు ఎక్కువగా తప్పటడుగు వేసేది మాత్రం వేరే చోట. బొమ్మ బాగా రావాలన్న ఆరాటంలో పిల్ల చేతిలోంచి బ్రష్ లాగేసుకుంటారు. బడి అడిగిన 'ప్రాజెక్టు' రాత్రి పదకొండింటికి తల్లి పూర్తి చేస్తుంది. పిల్ల అప్పటికే నిద్రపోయి ఉంటుంది. మర్నాడు మార్కులు తల్లికి వస్తాయి. నేర్చుకున్నది మాత్రం ఎవరూ లేరు. ఏనుగుకి తొండం వెనకవైపు వచ్చినా అది పిల్ల ఏనుగే. ఆ తొండం వెనక్కి ఎందుకు వెళ్లిందో ఆమె దగ్గర ఓ కారణం ఉంటుంది. వినడానికి తీరికుండాలి.

సమయం లేదన్నది నిజమైన ఇబ్బందే. షిఫ్టు డ్యూటీల ఇళ్లలో మరీను. అయినా రోజుకు గంట అక్కర్లేదు. అయిదేళ్లలోపు వారికి స్క్రీన్ ముందు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రెండేళ్లలోపు వారికి అసలు అలవాటే చేయొద్దంది. ఫోన్‌కు పోతున్న సమయంలోంచి ఓ అరగంట వెనక్కి తెచ్చుకుంటే చాలు. చపాతీలు చేసేటప్పుడు ఓ చిన్న ముద్ద, పూలు కట్టేటప్పుడు ఓ దారం ముక్క పిల్ల చేతికి ఇస్తే పని ఆగదు, మాటా ఆగదు.

చేసిన బొమ్మలను ఏం చేయాలి? తెలుగింట్లో దానికీ ఓ చోటుంది. కొన్ని ఇళ్లలో దసరాకి, కొన్ని ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. ఏటికొప్పాక లక్క పిడతల పక్కన, కొండపల్లి ఏనుగు అంబారీ కింద, ఆఖరి మెట్టు మీద వెనక తొండం ఏనుగును కూర్చోబెట్టండి. పేరంటానికి వచ్చినవాళ్లు 'ఇదెవరు చేశారమ్మా?' అని అడుగుతారు. తాల్‌బగీచాలో ఆ ప్రశ్న బెంగాలీలో రావచ్చు, హిందీలో రావచ్చు. జవాబు చెప్పే పిల్ల నోట 'నేనే పిసికి, చుట్టి, అతికించా' అన్న మాట తెలుగులో వచ్చిందంటే ఆ ఇంట్లో భాష మరో తరం దాటినట్టే.