పద్ధతి వ్రాయుట, వ్రాసినట్లు చేయుట

నేతిని వాసన చూచి, విత్తనమును కొరికి చూచి, ప్రత్తిని వ్రేళ్లతో లాగి చూచి మంచిచెడ్డలు తెలిసికొనుట మనకు పరిపాటి. కాని తొలకరికి ముందు మన పశువులకు గొంతువాపు, జబ్బవాపు వ్యాధులు రాకుండ వేయించు టీకామందు నిట్లు పరీక్షింప వీలులేదు. కంటికి మంచి మందును చెడు మందును ఒక్కటియే. పోనీ, కర్మాగారమువారే ప్రతి సీసాను విప్పి పరీక్షింతురనుకొన్నచో, అమ్మజూపుటకు మందే మిగులదు. కావున మందు మంచిదని నమ్ముటకు, కొన్ని సీసాల పరీక్షతోపాటు, అది తయారైన పద్ధతియే ముఖ్యాధారము.

ఇందువలననే ఔషధ కర్మాగారములలో ప్రతి పనికిని ఒక పద్ధతిని ముందుగా వ్రాసి, బాధ్యతగల అధికారి సంతకముతో స్థిరపరచి, పనివారందరును దాని ప్రకారమే నడుచునట్లు చేయుదురు. దీనిని నిర్ణీత కార్యపద్ధతి యనవచ్చును. ఇది కాగితముల తంటా మాత్రమే యని తలచువారు కలరు. అట్టివారు ఈ క్రింది వృత్తాంతమును గమనింపవలయును.

1896లో బొంబాయి నగరమున ప్లేగు ప్రబలెను. హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు దానికి టీకామందు సిద్ధపరచి, 1897 జనవరి 10వ తేదీన మొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. అటుపిమ్మట ఆ మందు బొంబాయి ప్రయోగశాలనుండి దూరప్రాంతములకు పోవుచుండెను. 1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున 107 మందికి టీకాలు వేసిరి. ఆ గ్రామము నేడు పాకిస్తానులో నున్నది. వారిలో 53-ఎన్ అను గుర్తుగల ఒక్క సీసానుండి మందు పొందిన 19 మందియు ధనుర్వాతముచే మరణించిరి. తక్కిన సీసాల మందు పొందినవారికి ఆ వ్యాధి రాలేదు.

విచారణ జరిగెను. మందు త్వరగా తయారగుటకై హాఫ్కిన్ అంతకుముందే కార్బాలిక్ ఆమ్లమును కలుపుట మాని, వేడిమిచేతనే శుద్ధిచేయు పద్ధతి నవలంబించి యుండెను. విచారణ సంఘమువారు ఈ మార్పును తప్పుపట్టి, దోషము ప్రయోగశాలలోనే జరిగెనని తలచిరి. ఆయన పదవి పోయెను. కాని సాక్ష్యములను మరల పరిశీలింపగా వేరొక సంగతి బయటపడెను. గ్రామములో ఆ సీసాను విప్పునపుడు సహాయకుని చేతిలోని పట్టుకారు నేలబడెను. దానిని సరిగా శుద్ధిచేయకయే సీసా బిరడా తీయుట కుపయోగించిరి. ధనుర్వాత బీజములు మట్టిలో నుండునవి గదా! 1897లో సికిందరాబాదునందు దోమలో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డు రాసు మున్నగు పదిమంది శాస్త్రజ్ఞులు 1907 జూలైలో లండను టైమ్సు పత్రికకు లేఖ వ్రాసిరి. ఆ సంవత్సరమే హాఫ్కిన్ నిర్దోషి యని తేలెను. 1925లో ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టిరి. కాని చనిపోయిన 19 మంది తిరిగి రాలేదు.

పట్టుకారు క్రిందపడుట నేరము కాదు. అది ఎవరి చేతినుండియైన జారును. పడినపుడు ఏమి చేయవలెనో వ్రాసియుండుటయు, పనివాడు భయపడక పనిని నిలిపి ఆ సంగతి చెప్పుటయు ముఖ్యము. మంచి కార్యపద్ధతి అన్నియు సవ్యముగా జరుగు దినమునకే గాక, తప్పు జరుగు దినమునకు కూడ దారి చూపవలయును.

వ్రాయుటలో గమనింపదగిన సంగతులు కొన్ని కలవు. పని ఎవరిది, ఏ పనిముట్లు కావలెను, ఏది ముందు, ఏది తరువాత యను సంగతులు వరుసగా నుండవలెను. "కొంతసేపు కాచవలెను" అని వ్రాయరాదు. ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషములో చెప్పవలెను. ఆ పని చేయువారిని దగ్గర కూర్చుండబెట్టుకొని, వారికి తెలియు మాటలలో వ్రాయవలెను. లేనిచో కాగితము ఒకటి, పని యొకటి యగును. పద్ధతిని మార్పవలసినచో కారణము వ్రాసి, మార్పువలన మందు చెడదని పరీక్షించి, అనుమతి పొందిన పిమ్మటనే మార్పవలెను. పాత ప్రతులను పనిచేయు చోటునుండి తీసివేయవలెను.

ఆచరణలో ముఖ్యసూత్ర మిది: చేసినవెంటనే వ్రాయుము, చేసినదే వ్రాయుము. సాయంకాలము జ్ఞాపకముతో నింపిన పుస్తకము సాక్ష్యము కాదు. తప్పు వ్రాసినచో దిద్ది చెరపరాదు. ఒక్క గీత కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాసి, తేదీతో సంతకము చేయవలెను.

మన దేశమున 1940 నాటి ఔషధ చట్టము క్రింద ఏర్పడిన 1945 నాటి నియమములలో "ఎమ్" షెడ్యూలు ఈ విషయములను విధించుచున్నది. 2023 డిసెంబరులో దానిని సవరించిరి. హైదరాబాదు, విశాఖపట్టణము ప్రాంతముల ఔషధ కర్మాగారములలో మన పిల్లలనేకులు పనిచేయుచున్నారు. వారు నింపు పుస్తకముల విలువను వారి తల్లిదండ్రులమైన మనము కూడ ఎరుగుట మంచిది.

కడపటి మాట. ముల్కోవాల్‌లో దోషము కర్మాగారములో గాక, గ్రామములో, కడపటి చేతిలో జరిగెను. పద్ధతి కర్మాగారపు గేటువద్ద ముగియదు. అది మన పశువులపాక వరకు వచ్చును. కావున టీకామందు మంచుపెట్టెలో వచ్చినదా యని అడుగుడు. ఇట్టి మందులను సాధారణముగా 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో నుంచవలెను. సీసాపైనున్న గడువు తేదీని చూడుడు. బ్యాచి నెంబరును, టీకా వేసిన తేదీని, పశువు గుర్తును ఒక పుస్తకములో వ్రాసికొనుడు. సూది నేలబడినచో దానిని వాడనీయకుడు. ముల్కోవాల్‌లో ఒక్క సీసా గుర్తు తెలిసియుండుటచేతనే నిజము బయటపడెను. మన పుస్తకములోని ఒక్క పంక్తి ఏనాడైన మన పశువునేగాక పొరుగువాని పశువును కూడ కాపాడవచ్చును.