ప్రయోగశాలయు నొక సంసారమే



మార్కాపురమున శ్రీ చెన్నకేశవస్వామివారి పేరు పెట్టుకొనని వంశ మరుదు. మా అత్తగారిదియు ఆ పేరే. రెండేండ్ల క్రిందట ఆమెకు నీరసముగా నుండగా రక్తపరీక్షకై యొక ల్యాబునకు తోడ్కొనిపోయితిని. సాయంకాలము చేతికి వచ్చిన కాగితమున చక్కెర మిక్కుటముగా నున్నదని వ్రాసియుండెను. దానిని చూచి వైద్యుడు మాత్రలిచ్చెను. మూడవనాటి యుదయమున ఆమె చెమటలు గ్రమ్మి, చేతులు వడక, వంటయింటి గడపయొద్దనే కూలబడెను. పంచదార నీరు త్రాగించి ఆస్పత్రికి చేర్చితిమి. దైవానుగ్రహమున ప్రాణము దక్కినది. విచారింపగా, ఆ దినమున ఆ పేరుగల వృద్ధురాండ్రిద్దరు రక్తమిచ్చిరనియు, ఒకరి కాగిత మింకొకరికి చేరెననియు తెలిసెను. నిజముగా మందు కావలసిన యా రెండవ యామె అన్నినాళ్లును మందులేకయే యుండెను!

రక్తమును పరీక్షించిన పిల్లకు పని రాదా? వచ్చును. యంత్రము చెడెనా? చెడలేదు. లెక్క సరిగనే వచ్చినది. లోపమంతయు ఏర్పాటులోనిది. పేరుతోబాటు వయస్సును, భర్త పేరో తండ్రి పేరో, ఒక వరుస సంఖ్యయు రోగి యెదుటనే గొట్టముపై వ్రాయవలెనను కట్టుబాటు అచ్చట లేకుండెను. ప్రయోగశాలలలోని తప్పులలో నధికభాగము పరీక్షవేళ గాక అంతకు ముందే, అనగా రక్తము తీయుటలోను, పేరు వ్రాయుటలోను, గొట్టమును చేర్చుటలోను జరుగునని తజ్ఞులు చెప్పుదురు. కావున ఈ వృత్తికి హస్తనైపుణ్య మొక్కటియే చాలదు, నిర్వహణవిద్యయు కావలెను.

మన పశ్చిమ ప్రకాశమున ఈ పనికి గల ప్రాముఖ్యము సామాన్యము కాదు. పొదిలి, కనిగిరి, దర్శి సీమలు నెల్లూరు మండలములో నున్న కాలముననే, అనగా 1937లోనే, ఆ మండలపు నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోవు వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. కర్నూలు మండలమునుండి మన మార్కాపురము, గిద్దలూరును, నెల్లూరునుండి ఆ సీమలును 1970లో ఒక్క మండలములో చేరినవి. నీటి బాధ మాత్రము అందరిని వెన్నంటియే వచ్చినది. పెద్ద ఆస్పత్రులు దూరము. ఊరిలోని ల్యాబు కాగితము తప్పైనచో దానిని పట్టి చూపు రెండవ ల్యాబు పల్లెవారికి దొరకుట కష్టము.

మన ఆడుబిడ్డలు పెక్కుమంది ఇంటర్మీడియటు పిమ్మట రెండేండ్లు డి.ఎం.ఎల్.టి. చదివి యీ వృత్తిలో ప్రవేశించుచున్నారు. గిద్దలూరున నున్న మా అక్క కుమార్తెయు నట్టిదే. పదేండ్లైనను అదే బల్ల, అదే సూది. నిర్వహణవిద్య నేర్చెదనని ఆమె యనగా అత్తగారు, "సూది పట్టుకొనుదానికి పెత్తనము చదువెందులకు?" అని త్రోసిపుచ్చిరి. "పిన్నీ, నీవైనను చెప్పుము" అని ఆ పిల్ల కన్నీరు పెట్టుకొనెను.

ఆ చదువులో నేర్పునదేమి? మన కది క్రొత్త కాదు. గడువు ముందు తీరు మందును ముందు వాడవలెను. పాతబియ్యము కుండ నడుగునకు త్రోయని యిల్లాలికిది తెలియనిదా? కొన్ని మందులను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుంచవలెను. కరెంటు పోయిన వేళను పుస్తకమున గుర్తింపవలెను. అన్నము మెతుకు పట్టి చూచునట్లు, ప్రతి యుదయమును విలువ తెలిసిన రసమును యంత్రమున బెట్టి చూడవలెను. ఆ ఫలితములను పటముగా గీయు పద్ధతిని 1950లో లెవీ, జెన్నింగ్సు అనువారు చూపిరి. ఏది తప్పో, ఏది కాదో తేల్చు నియమములను 1981లో వెస్ట్‌గార్డ్ కూర్చెను. ఐడా స్కడ్డరమ్మ 1900లో ఒక్క మంచముతో నారంభించిన వెల్లూరు ఆస్పత్రివారు, నేడు దేశమందలి ల్యాబులకు విలువ చెప్పని నమూనాలను పంపి, వచ్చిన జవాబులను పోల్చి చూపుచున్నారు. 2003లో వెలువడి 2012లోను, 2022లోను సవరింపబడిన ఐఎస్ఓ 15189 అను ప్రమాణము ననుసరించి ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపు నిచ్చును. అట్టి గుర్తింపు కోరు ల్యాబునకు ఈ కట్టుబాట్లు తెలిసిన పెద్ద యొకరు కావలెను. ఆ పదవి మన పిల్లల కేల రాకూడదు?

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్కేగారితో కలిసి, రంగునుబట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని లోకమున కిచ్చిరి. గాజుగొట్టము పట్టిన ఆ చేయియే తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధకులందరిని నడిపించినది. 1948లో వెలువడిన ఆరియోమైసిను వారి యేలుబడిలోనిదే. పనివానికి పని నడుపుటయు వచ్చినపుడు ఫలము పదింత లగును.

అయిన నొక హెచ్చరిక. డిప్లొమా మాత్రమే యున్నవారు ఆస్పత్రి నిర్వహణలో ఎం.బి.ఏ. చేయదలచినచో ముందు డిగ్రీ సంపాదింపవలెను. దూరవిద్య యైనచో రుసుము కట్టుటకు ముందే యూజీసీ యనుమతి యున్నదో లేదో చూడవలెను. అంత తీరిక లేనివారు ప్రమాణములను, లోపలి తనిఖీని గూర్చి కొలది దినములలో నేర్పు శిక్షణతో నారంభింపవచ్చును. బల్లపని మఱచి పెత్తనము మాత్రము నేర్చుట మేలు కాదు.

భారతమున ద్రౌపది సత్యభామతో తన దినచర్య చెప్పుచు, అంతఃపుర పరిచారికలెల్లరను, రాజుల యాయవ్యయములను తానెఱుగుదు ననినది. ఆమెను పెత్తనముకత్తె యని ఎవరు నిందించిరి?

ఆ మాటయు, మా అత్తగారి కథయు నేను గిద్దలూరు వెళ్లి వదినగారికి వినిపించితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "మా పిల్ల ల్యాబులో అట్లు జరుగకుండుటకేనా యీ చదువు?" అని యడిగిరి. ఔనంటిని. ఆ సంవత్సరమంతయు ఆదివారముల వంట వదినగారే చేసిరి. ఇప్పుడు మా పిల్ల పనిచేయుచోట గొట్టముపై రెండు గుర్తులు లేనిదే రక్తము ముందునకు పోదు.

మీ యింట అట్టి కోడలో, కుమార్తెయో యున్నచో, ఆమెకు కొన్ని ఆదివారము లిండు. దాని ఫలము ఏ తల్లి ప్రాణమునకో చేరును.