అప్‌డేట్‌కు అడగని పాస్‌వర్డ్ ప్రింటర్‌కు ఎందుకు? ఆఫీసు కంప్యూటర్లలో అనుమతుల కథ

ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది. భారత్‌లో అప్పటికి రాత్రి అవుతుంది కాబట్టి వాటి ప్రభావం ఇక్కడి కార్యాలయాల్లో కనిపించేది బుధవారం ఉదయమే. 2021 ఆగస్టు 10న వచ్చిన అప్‌డేట్ తర్వాత వివిధ దేశాల కార్యాలయాల్లో ఒక కొత్త ఇబ్బంది తలెత్తింది. అంతకుముందు సజావుగా ప్రింట్లు తీసుకున్న ఉద్యోగులను కంప్యూటర్ ఉన్నట్టుండి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడగసాగింది.

ఇది పొరపాటున జరిగింది కాదు, మైక్రోసాఫ్ట్ కావాలని చేసిన మార్పు. దాని కారణం విండోస్ ఖాతాల్లోనే ఉంది.

సాధారణ ఖాతా ఉన్న ఉద్యోగి అప్పటికే ఉన్న ప్రోగ్రాములను వాడుకోగలరు, తన ఫైళ్లను మార్చుకోగలరు. కంప్యూటర్ మొత్తాన్ని ప్రభావితం చేసే మార్పులకు అడ్మినిస్ట్రేటర్ ఖాతా కావాలి. ఇవి కాక 'సిస్టమ్' అనే మరో ఖాతా ఉంది. దానితో మనుషులెవరూ లాగిన్ కారు. విండోస్ సొంత సేవలు దాని అధికారంతో నడుస్తాయి. ఆటోమేటిక్ అప్‌డేట్లు పనిచేసేది ఈ అధికారంతోనే. అందుకే అవి ఉద్యోగిని పాస్‌వర్డ్ అడగవు. అప్‌డేట్లు పడాలంటే సిబ్బందికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఉండాలన్న అభిప్రాయానికి ఆధారం లేదు.

ప్రింట్ పనులను వరుసలో పెట్టే 'ప్రింట్ స్పూలర్' కూడా ఇదే సిస్టమ్ అధికారంతో నడుస్తుంది. అది లోడ్ చేసుకునే ప్రింటర్ డ్రైవర్‌కూ అదే అధికారం దక్కుతుంది. సాధారణ ఖాతా చేతిలో ఉన్నవారు సైతం హానికరమైన డ్రైవర్‌ను స్పూలర్ చేత లోడ్ చేయించి, యంత్రం మొత్తాన్ని వశం చేసుకోవచ్చని 2021లో బయటపడింది. ఈ లోపానికి 'ప్రింట్‌నైట్‌మేర్' అని పేరు వచ్చింది. మైక్రోసాఫ్ట్ రెండో మంగళవారం వరకు ఆగకుండా జులై 6నే అత్యవసర ప్యాచ్ ఇచ్చింది. ఆగస్టు అప్‌డేట్‌తో ప్రింట్ సర్వర్ నుంచి డ్రైవర్లు చేర్చే హక్కును అడ్మినిస్ట్రేటర్లకే పరిమితం చేసింది. సర్వర్‌లో కొత్త డ్రైవర్, ఉద్యోగి కంప్యూటర్‌లో పాతది ఉన్న చోట పాస్‌వర్డ్ అడగడం మొదలైంది.

అప్పుడు ఐటీ విభాగాల ముందు మూడు దారులు మిగిలాయి. డ్రైవర్లన్నింటినీ కేంద్రంగా ఒకే స్థాయికి తేవడం శ్రమతో కూడిన పని. రిజిస్ట్రీలో ఒక సెట్టింగ్ మార్చి పాత పద్ధతికి వెళ్లవచ్చు, కానీ మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. అందరికీ అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇవ్వడం మూడోది; సులువైనదీ, చెడ్డదీ అదే. ఐటీ సిబ్బంది లేని చిన్న ఆఫీసుల్లో ఇది ముందునుంచే అలవాటు. కంప్యూటర్ అమర్చిన టెక్నీషియన్ ఒకే ఖాతా సృష్టించి వెళ్తారు, దాని పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. అలాంటి చోట ఎవరో తెరిచిన ఈమెయిల్ అటాచ్‌మెంట్‌లోని వైరస్‌కూ ఆ హక్కులు అంది, యాంటీవైరస్‌నూ అప్‌డేట్లనూ ఆపే వీలు దొరుకుతుంది.

అలాగని అనుమతులు కట్టడి చేస్తే చాలనుకోవడమూ సరికాదు. 2017 మే 12న మొదలైన 'వానాక్రై' రాన్సమ్‌వేర్‌కు ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేకపోయింది. ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్ సేవలోని లోపం గుండా ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. దాన్ని వేసుకోవడానికి దాదాపు రెండు నెలల గడువు దొరికినా, అప్‌డేట్ కాని యంత్రాలు లెక్కకు మిక్కిలిగా మిగిలిపోయాయి.

డౌన్‌లోడ్ అయినా రీస్టార్ట్ కాని అప్‌డేట్ చాలా సందర్భాల్లో అమల్లోకి రాదు. సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపేసే కార్యాలయాల్లో ఈ చిక్కు ఎక్కువ. పని వేళల్లో రీస్టార్ట్ కాకుండా విండోస్‌లో 'యాక్టివ్ అవర్స్' నిర్ణయించుకోవచ్చు, వాటిని గరిష్ఠంగా 18 గంటల వరకు పెట్టుకోవచ్చు. పెద్ద సంస్థలు నెలవారీ భద్రతా అప్‌డేట్లను 30 రోజుల దాకా వాయిదా వేయగలవు. ఆ వ్యవధిలో కొన్ని యంత్రాలపై ముందుగా పరీక్షిస్తే, ప్రింటర్ల లాంటి చిక్కులు ఆఫీసంతా పాకకముందే కనిపిస్తాయి. చిన్న ఆఫీసులు కనీసం రోజువారీ పనికి సాధారణ ఖాతాలు కేటాయించి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌ను బాధ్యత గల ఒకరిద్దరి వద్దే ఉంచాలి.