లెక్కకు అందని నిరుద్యోగము



తెల్లవారుజామున నెక్కొండ స్టేషనులో వరంగల్లు వైపు పోవు రైలుబండికై వేచియుండు యువకులను మీరందఱును చూచియేయుందురు. చేత సంచి, సంచిలో సర్టిఫికెట్లు. సాయంకాలమునకు అదే సంచితో తిరిగివత్తురు. అయినను 2023 జూలై మొదలు 2024 జూన్ వఱకు జరిగిన ప్రభుత్వ సర్వేను బట్టి, దేశమున పదునైదేండ్లు నిండిన శ్రామికులలో నిరుద్యోగులు నూటికి 3.2 మంది మాత్రమే. లెక్క వ్రాసినవారు అసత్యమాడిరా? అట్లనరాదు. వారు తమకిచ్చిన కుంచముతో కొలిచిరి. ఆ కుంచమెట్టిదో విన్నవించుటయే నేటి ప్రసంగమునకు ప్రయోజనము.

పదమునకు అర్థము నిర్ణయింపక వాదమునకు దిగరాదని మా గురువులు చెప్పెడివారు. లెక్కల పరిభాషలో, పనిలేని ప్రతివాడును నిరుద్యోగి కాడు. పనిలేక, పనిని వెదకుచుండవలెను. లేదా దొరికినచో చేయుటకు సిద్ధముగా నుండవలెను. ఈ రెండును లేనివాడు శ్రామికుల పట్టికలోనికే రాడు. నాలుగేండ్లు తిరిగి, విసిగి, అరుగుమీద కూర్చుండి “ఇక నాకే పనియు వలదు” అన్న యువకుడు నిరుద్యోగుల సంఖ్య నుండి తప్పుకొనును. వాని దుఃఖము పెరిగినది. లెక్క మాత్రము తగ్గినది. పని దొరకినచో చేయగోరు ఇల్లాండ్రు పెక్కుమంది “ఇంటిపని” అను మాట క్రింద ఇట్లే మఱుగుపడుదురు.

ఇక పని యున్నవాడెవడు? దీనికి మూడు కొలతలు కలవు. మొదటిది ఏడాది కొలత. సంవత్సరములో ఎక్కువ కాలము ఖాళీగా నున్నను, ముప్పది దినములకు తక్కువ గాకుండ ఏదేని పని చేసినవాడు పనివాడే. కలుపుతీతకు కొన్నాళ్లు, పత్తి యేరుటకు కొన్నాళ్లు కైకిలికి పోయిన మనిషి ఈ కొలతలో నిరుద్యోగి కానేరడు. రెండవది వారపు కొలత. వారము దినములలో ఏ యొక్కనాడైన ఒక్క గంట పని చేసిన చాలును. మూడవది దినపు కొలత. ఇది దినమును రెండు సగములు చేసి, పని దొరకిన పూటను, దొరకని పూటను వేఱువేఱుగా నెన్నును.

2004–05 సర్వేలో గ్రామములందలి శ్రామికులు వేయిమందిలో నిరుద్యోగులు ఏడాది కొలతను 17, వారపు కొలతను 39, దినపు కొలతను 82 అని తేలెను. ఊళ్లవే, మనుష్యులు వారే. గొలుసు మారగా పొలము విస్తీర్ణము మారినది! 2017లో మొదలైన నూతన సర్వే ఏడాది, వారపు కొలతలనే ముఖ్యముగా ప్రకటించుచున్నది. ముందు చెప్పిన 3.2 ఏడాది కొలత. అదే సర్వేలో వారపు కొలత 4.9. మన దేశమున నిరుద్యోగమును ఒక్క సంఖ్యలో ఇముడ్చుట తగదని దంత్వాలా గారి అధ్యక్షతనున్న నిపుణుల సంఘము 1970లోనే తెలిపినది.

ఇక మూడవ మఱుగు. దీనిని నా యింటి ముచ్చటతోనే చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట సర్వే ఉద్యోగి మా యింటికి వచ్చెను. నా చిన్నకుమారుడు అప్పటికి డిగ్రీ ముగించి మూడేండ్లాయెను. “పంతులుగారూ, మీ చిన్నబ్బాయి యేమి చేయుచున్నాడు?” అని ఆయన అడిగెను. నలుగురిలో నా కొడుకు ఖాళీగా నున్నాడని చెప్పుటకు నాకు నోరు రాలేదు. “మాతో సేద్యము చూచుకొనుచున్నాడు” అంటిని. మాకున్నది రెండెకరముల పత్తిచేను. దానికి నేనును పెద్దవాడును చాలుదుము. ఆ రాత్రి అన్నము ముందు కూర్చుండి చిన్నవాడు, “బాపూ, నాకు పని యున్నదని వ్రాయించితివి. ఆ పని యెక్కడ నున్నదో నాకును చూపుము” అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఇంటి సేద్యములో, ఇంటి దుకాణములో కూలి లేక సాయపడువానిని మన సర్వే పనివానిగనే యెన్నును. ఇద్దఱు చేయదగిన పనిని నలుగురు పంచుకొన్నను నలుగురును పనివారే. నిబంధన అట్లుండగా, మన అభిమానము దానికి తోడగుచున్నది. పేదవాడు ఖాళీగా కూర్చుండిన పూట గడవదు. కావున దొరకిన యే చిన్న పనినైనను పట్టుకొనును. అందుచేత పేద దేశమున నిరుద్యోగపు సంఖ్య చిన్నదిగా నుండుట సుఖమునకు గుఱుతు కానక్కఱలేదు.

ఈ లెక్కలు వ్యర్థములని నా యభిప్రాయము కాదు. ఒకే కొలతతో ఏటేటి సంఖ్యలను పోల్చిన మేలుకీడులు తెలియును. పత్రికలో సంఖ్యను చదివినప్పుడు “ఇది యే కొలత?” అని ముందు విచారింపుడు. సర్వే ఉద్యోగి మీ గడపకు వచ్చినప్పుడు పిల్లలను పిలిచి వారిచేతనే చెప్పింపుడు. కోడండ్రను, కుమార్తెలను కూడ అడుగనిండు. పని దొరకిన దినములను ఉన్నవున్నట్లు లెక్కించి చెప్పుడు. పనుల పథకములు, శిక్షణలు ఈ లెక్కలను చూచియే నిర్ణయింపబడును. పంక్తిలో లెక్కకు రానివానికి విస్తరి పడదు. నా కుమారుని విస్తరిని ఆనాడు నేనే తీసివేసితిని. మీరట్లు చేయకుందురుగాక.