బిడ్డను రాయబారిని చేయకండి

క్రిస్మస్ కార్యక్రమం ముగిసింది. గొల్లవాడి వేషం వేసిన ఎనిమిదేళ్ల బాబు వేదిక దిగాడు. ముందు వరుసలో తల్లి, అమ్మమ్మ ఉన్నారు. వెనక వరుసలో తండ్రి, ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్న ఆమె ఉన్నారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ బాబు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. ఇది ఏదో ఒక్క సంఘంలో కనిపించే దృశ్యం కాదు.

విడాకులు, పునర్వివాహం గురించి వాక్యం ఏమి బోధిస్తోందన్నది ముఖ్యమైన విషయమే. మత్తయి 19వ అధ్యాయాన్ని తేలికగా తీసుకోలేము. అయితే దానికి లెక్క అప్పగించవలసింది పెద్దలు, బిడ్డ కాదు.

ఆదికాండము 21లో అబ్రాహాము ఇంటి గొడవ చూడండి. పెద్దల మధ్య సమాధానం లేక హాగరు, ఇష్మాయేలు బెయేర్షెబా అరణ్యంలో పడ్డారు. తిత్తిలో నీళ్లు అయిపోయాయి. ఏడ్చింది తల్లి అని రాయబడి ఉంది, కానీ 17వ వచనంలో దేవుడు విన్నది ఆ చిన్నవాని స్వరం! పెద్దల గొడవలో ఎవరూ అడగని ఆ పిల్లవాడి మాటను దేవుడు విన్నాడు. ఏళ్లు గడిచాక 25:9లో ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి తండ్రిని సమాధి చేశారు. పెద్దలు విడిపోయినా ఇష్మాయేలు అబ్రాహాము కుమారుడిగానే మిగిలాడు.

మన దేశ చట్టం కూడా బిడ్డనే ముందు పెట్టింది. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టం కింద పిల్లల సంరక్షణ, పోషణ, చదువు గురించి కోర్టు ఆదేశాలు ఇవ్వవచ్చు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం కోర్టు చూడవలసింది బిడ్డ క్షేమం. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన మొదటి బిడ్డ పోషణ బాధ్యత తీరిపోదు.

మరి ఇంట్లో ఏమి చేయాలి?

మొదటిది, కబుర్లు బిడ్డ చేత పంపకండి. ఫీజు, జ్వరం, పరీక్షలు, సెలవులు, ఇవన్నీ తల్లిదండ్రులే నేరుగా మాట్లాడుకోవాలి. ఎదురుపడి మాట్లాడితే గొడవ అవుతుందనుకుంటే వాట్సాప్‌లో రెండు ముక్కలు చాలు. క్రిస్మస్ రోజు ఉదయం ఎక్కడ, సాయంత్రం ఎక్కడ అన్నది నెల ముందే తేల్చుకోండి.

రెండవది, బిడ్డ తిరిగి రాగానే ఆరా తీయకండి. "అక్కడ ఆవిడ ఏం వండింది? నిన్ను బాగా చూసిందా?" అనే ప్రశ్నల వెనక ఉన్న బాధ బిడ్డకు అర్థమవుతుంది. అక్కడ సంతోషంగా గడిపానని చెబితే అమ్మ నొచ్చుకుంటుందని అబద్ధం నేర్చుకుంటాడు. ఆ బాధ నిజమే. దాన్ని ప్రార్థనలో దేవుని ముందు, నమ్మకమైన ఒక పెద్ద ముందు కుమ్మరించండి. బిడ్డ మీద కాదు.

మూడవది, పిలుపు విషయంలో బలవంతం వద్దు. కొత్తగా వచ్చినవారిని అమ్మా, నాన్నా అనమని ఒత్తిడి చేయకండి. పిన్ని అనో, అంకుల్ అనో బిడ్డ నోటికి ఏది వస్తే అదే పిలవనివ్వండి. కొత్తగా వచ్చినవారు కూడా దండించే పనికి తొందరపడకుండా, ముందు స్నేహం సంపాదించుకోవాలి.

ఒక మినహాయింపు ఉంది. బిడ్డకు కొట్టడం, లైంగిక వేధింపు వంటి ప్రమాదం ఉంటే సర్దుకుపొమ్మని ఏ పెద్దా చెప్పకూడదు. పిల్లల సహాయం కోసం 1098కు ఫోన్ చేయాలి.

సంఘానికి కూడా ఒక మాట. సండే స్కూల్‌లో ఆ బిడ్డను పట్టుకుని "మీ నాన్న ఎక్కడ?" అని అడగకండి. "సవతి తల్లి" అన్న మాట వినబడేలా అనకండి. ఎఫెసీ 6:4 పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చెప్పింది. ఆ హెచ్చరిక మన నాలుకకు కూడా వర్తిస్తుంది.

మెట్ల దగ్గర ఆగిన ఆ బాబును చూసి తల్లి చిరునవ్వుతో, "వెళ్లు నాన్నా, ముందు డాడీకి చూపించి రా" అంటే చాలు. ఆ ఒక్క మాటకు ఆమె ఎంత మూల్యం చెల్లించిందో ప్రభువుకు తెలుసు. ఆ మాట అనగలిగే బలం మన సంఘాల్లోని ప్రతి తల్లికి, ప్రతి తండ్రికి ఆయన దయచేయును గాక.