పౌలు, బర్నబా, మార్కు: సంఘములో స్నేహ వైరముల నిర్మాణము

అపొస్తలుల కార్యములు 15:37-39లో పౌలు బర్నబాల మధ్య పుట్టిన తీవ్రమైన వాదమును మనము సాధారణంగా ఇద్దరు సేవకుల భేదాభిప్రాయంగా బోధిస్తాము. నిజానికి అక్కడ ఉన్నది ముగ్గురు. బర్నబా పౌలుకు జతపనివాడు. మార్కు బర్నబాకు దగ్గరి బంధువు (కొలొ. 4:10). పంఫూలియలో తమను విడిచిపోయిన ఆ మార్కును వెంటబెట్టుకొని పోవడానికి పౌలు ఒప్పుకోలేదు.

ఇటువంటి ముక్కోణపు సంబంధం నిలకడగా ఉండదని మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హైడర్ 1946లో వివరించాడు. 1956లో కార్ట్‌రైట్, హరారీ అనే ఇద్దరు దానికి గణిత రూపమిచ్చారు. లెక్క సులభమే. స్నేహానికి ప్లస్, వైరానికి మైనస్ వేసి మూడింటినీ గుణించాలి. ప్లస్ వస్తే సమతుల్యం. మైనస్ వస్తే ఏదో ఒక బంధం మారేంతవరకు ఒత్తిడి తప్పదు. ఇక్కడ రెండు ప్లస్‌లు, ఒక మైనస్. చివరికి బర్నబా మార్కుతో కుప్రకు ఓడ ఎక్కాడు, పౌలు సీలను ఏర్పరచుకొన్నాడు.

అయితే సమతుల్యం అనే మాటను సమాధానమని కాపరులు పొరబడరాదు. ఈ సిద్ధాంతం ప్రకారం సమతుల్యమైన గుంపులో అందరూ ఏకమై ఉండవచ్చు. లేదా లోలోపల ఎంతో ప్రేమగా ఉంటూ ఒకదానినొకటి ద్వేషించే రెండు పక్షాలుగా ఉండవచ్చు. లెక్కకు రెండూ ఒకటే! హేరోదు పిలాతుల స్నేహం (లూకా 23:12) ఇందుకు ఉదాహరణ అని చెప్పాలనిపిస్తుంది గాని, పిలాతు యేసునందు దోషము కనుగొనలేదు గనుక అది పూర్తిగా అతకదు.

మఠ జీవితంలో ఇది ఎలా పనిచేస్తుందో శామ్యూల్ శాంప్సన్ 1968 నాటి తన పరిశోధనలో చూపాడు. అమెరికాలోని ఒక మఠంలో సన్యాస శిక్షణ పొందుతున్న పద్దెనిమిది మందిని, ఎవరు ఇష్టులో ఎవరు కారో చెప్పమని అడిగాడు. ఇష్టులు చిన్న చిన్న జట్లుగా అల్లుకొన్నారు, ఎందుకంటే స్నేహితుని స్నేహితుడు సులభంగా స్నేహితుడౌతాడు. అయిష్టం అలా అల్లుకోదు. అది కొద్దిమంది మీదనే కుప్పపడుతుంది. తరువాత నలుగురిని పంపివేశారు. అంతటితో శాంతి కలుగలేదు, మిగిలినవారిలో అనేకులు తామే వెళ్లిపోయారు. సంఘంలో అందరూ వేలెత్తి చూపే వ్యక్తిని తొలగించే ముందు మనము ఈ మఠాన్ని ఒకసారి తలంచుకోవడం మంచిది.

మార్కు విషయానికి వస్తే, కొలొస్సయులకు వ్రాసే నాటికి అతడు పౌలు దగ్గర ఉన్నాడు. 2 తిమోతి 4:11లో పౌలే అతనిని తీసుకొని రమ్మంటున్నాడు. మైనస్ గీత ప్లస్ అయ్యింది. అది ఎప్పుడు, ఎవరి మూలంగా జరిగిందో లూకా వ్రాయలేదు.